సీతారత్నమ్మ బల్ల గ్లాసు

ఏందమ్మా అక్సా, మళ్ల విసిరి కొట్టిండా? సోఫా కిందికి పోయినట్టుంది. ఉండనీ తియ్, తర్వాత తీద్దువు. ఏందో అంటరే దాన్ని, సిప్పర్, ఆ, సిప్పర్. రెండు చెవులు పెట్టిన్రు, మీద ఏనుగు బొమ్మేసిన్రు, అన్నీ చేసిన్రు, మన కాలేబు దొర మాత్రం మూతి పెడ్తలేడు. కూసో జెర. అరె, వాడు ఏడుస్తుంటే నువ్వు సుత ఏడిస్తే ఎట్ల? డాక్టర్ బాటిల్ బంద్ చేయమన్నడు, నువ్వు చేసినవ్, వాడు తాగుతలేడు. గంతే కదా. ఈ ఇంట్ల ఇదేం కొత్త గాదు. మీ అమ్మ తక్కువ సతాయించిందనుకుంటున్నవా? ఇయ్యాల క్యారల్ మేడమ్ అంటే బడి పిల్లలంతా గజగజ వణుకుతరు గానీ, ఏడాది పిల్లగున్నప్పుడు మమ్మల్ని వణికిచ్చింది. సీతారత్నమ్మ అని ఒకామె ఉంటుండె. ఆ పేరు విన్నవా ఎన్నడన్న? వినవు. మీ అమ్మకే తెల్వదు, ఇగ నీకెవరు చెప్తరు.

మారేడ్‌పల్లిల మేము కిరాయికున్న కంపౌండులనే, చివరి పోర్షన్ల ఉంటుండె ఆమె. కోస్తా దిక్కు మనిషి. భర్త రైల్వేల పని చేస్తుండె, ఆయనతోని వచ్చింది. ఆయన పోయినంక మళ్ల ఆ దిక్కు పోలేదు. పిల్లల్లేరు. ఎందుకు పోలేదు పిన్నిగారూ అని నేనొకసారి అడిగిన. "అక్కడ నాకేవుంది బాబూ, ఇక్కడైతే నా గ్లాసులున్నాయి" అన్నది. నవ్వుతున్నవా? నేను సుత నవ్విన. గ్లాసులంటే మన చర్చిల ప్రభువు బల్ల గ్లాసులు, తలా ఒక గుక్క ద్రాక్షరసం తీసుకునేటివి. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చినయ్, తాగుడు, డబ్బాల ఏసుడు. అప్పుడు గాజువి, ఇదివరకటి మిషనరీ దొరలు తెచ్చినవి. ఇంత ఉంటుండె చూడు, నా బొటనవేలంత. అడుగు మందంగ, అంచు గుండ్రంగ. ట్రేకు బొక్కలుంటయ్, ఒక్కో బొక్కల ఒక్కో గ్లాసు. నెలల మొదటి ఆదివారం వచ్చిందంటే ముందురోజే ఈమె నల్ల ద్రాక్ష ఉడకబెట్టుడు, రసం వడగట్టుడు, రొట్టె సన్న ముక్కలు కోసుడు. బల్ల అయిపోయినంక గ్లాసులన్నీ ఇంటికి తెచ్చుకొని, వేడినీళ్లల్ల కడిగి తుడిచి దాచిపెట్టుడు. ఎవ్వరూ పెట్టిన పని గాదు, తనే అడిగి తీసుకుంది. పాస్టర్ అయ్యగారి భార్య ముట్టుకున్నా "మీరు కూర్చోండి అమ్మగారూ" అని మెల్లగ జరిపేస్తుండె. ఏండ్ల మీద కొన్ని పగిలిపోయి, ఉన్న గ్లాసులు ఉన్నోళ్లకు బొటాబొటి సరిపోతుండె. అది యాదిల పెట్టుకో.

ఇగ మీ అమ్మ సంగతి. ఎలీనాకు, అదే మీ అమ్మమ్మకు, పాలు పడలె. టీచర్ నౌకరీ కొత్తది, సెలవు పెట్టేటట్టు లేకుండె. సీసాపాలే దిక్కు. ఆ సీసాలు సుత ఇప్పటివి గావు, పడవ లెక్క ఉంటుండె, రెండు దిక్కుల రబ్బరు. పక్క గల్లీల హరికిషన్ అని బర్లు పెట్టుకున్నోడు పాలు పోస్తుండె. పాలు నీళ్లగున్నయేందయ్యా అంటే "ఎండాకాలం కదా సార్, మా బర్రె మస్తు నీళ్లు తాగుతది" అంటుండె. వాని మొఖం జూస్తే కొట్టబుద్ధి కాకపోతుండె. సరే, వాణ్ణి ఇడ్సిపెట్టు. పొద్దుగాల ఎలీనా పిల్లను, సీసాను సీతారత్నమ్మకు ఇచ్చి బడికి పోతుండె, నేను ఆఫీసుకు పోతుంటి. సీసా ఎంత కడిగినా రబ్బరు మడతల ఏదో మిగుల్తనే ఉంటది. పిల్లకు మోషన్లు షురూ అయినయ్. తగ్గుడు, మళ్ల వచ్చుడు. ఒంట్ల ఎముకలు తేలినయ్. ఆఖరికి డాక్టర్ ఏం చేసిండంటే, మా చేతులకెల్లి సీసా గుంజుకొని చెత్తడబ్బాల ఏసిండు. "ఇంకొక్కసారి ఇట్లనే తీసుకొస్తే నా చేతుల ఏం లేదు, గ్లాసుతోని తాపండి" అన్నడు. చెప్పుడు అల్కగనే చెప్పిండు. స్టీలు గ్లాసు పెడితే ఉఫ్ అని ఊదుతది. చెంచాను కొరుకుతది. ఎలీనా వాళ్లమ్మ ఉగ్గుగిన్నె తెచ్చింది, దాని ముక్కు నోట్ల పెట్టంగనే అంతా గొంతుల పడి ఉక్కిరిబిక్కిరయ్యింది. ఇగ ఆ తర్వాత ఏం చూసినా నోరు గట్టిగ మూసుడే. ఒక దినమంతా గట్లనే గడిచింది. పెదాలు ఎండిపోయినయ్, ఏడిస్తే కండ్లల్ల నీళ్లొస్తలెవ్వు. నాకు భయమయ్యింది అక్సా, నిజం చెప్తున్న. పిల్ల దక్కదనుకున్న.

తెల్లారి సోమవారం, బల్ల అయిన మర్నాడు. సీతారత్నమ్మ వరండాల చాప పరిచి గ్లాసులన్నీ ముందల పెట్టుకొని తుడుస్తున్నది, పిల్ల పక్కన పడుకొని ఉంది. ఎట్లనో పాక్కుంట పోయింది, ఒక గ్లాసు పట్టుకుంది. అందుల కడిగిన నీళ్లు జెర మిగిలినయ్. నోట్ల పెట్టుకొని గుటుక్కున తాగేసింది. దాని నోటికి సరిగ్గ సరిపోయింది మరి, పిడికిట్ల ఇమిడింది. అంతే, ఈమె లేచి లోపలికి ఉరికి, కాచి చల్లార్చిన పాలు తెచ్చి అదే గ్లాసుల పోసింది. తాగింది. మళ్ల పోసింది, మళ్ల తాగింది. మేము ఇంటికొచ్చేసరికి సీతారత్నమ్మ ఏడ్సుకుంట నవ్వుతున్నది. "ఎలీనా, ఇలా చూడవే, నీ కూతురు బల్ల తీసుకుంటోంది" అన్నది. ఇగ ఆనాటి నుంచి ఆ గ్లాసు తప్ప వేరేది ముట్టదు. నువ్వు అడుగుతవని తెలుసు, బజార్ల అసొంటిది కొనొచ్చు కదా అని. మోండా మార్కెట్ అంతా తిరిగిన. అంత చిన్నది దొరకలె. మందులు కొలిచే గ్లాసు తెస్తే, మందు అనుకొని దూరం నుంచే చూసి ఏడుపు.

గట్ల నెల గడిచింది. మళ్ల బల్ల ఆదివారం వచ్చింది. చెప్పిన కదా, గ్లాసులు బొటాబొటి. ఆ ఒక్కటి తక్కువైతే ఒకరికి బల్ల ఉండదు. అందుకని వేడినీళ్లల్ల కడిగి ట్రేల పెట్టింది, అయిపోంగనే మళ్ల తీసుకుందామని. అది పోయి పోయి యెషయా సార్‌కు వచ్చింది. సంఘంల పెద్దమనిషి, హెడ్మాస్టరు చేసి రిటైర్ అయినోడు, చొక్కా గుండీ ఒకటి ఊడినా బయటికి రాడు. తాగిండు, మూతి ఇట్ల పెట్టిండు. పాల వాసన. రసం ఎంత పోసినా పాల జిడ్డు వాసన పోతదా? సాయంత్రం కమిటీ కూసుంది. ఈమెను పిలిచిన్రు. ఏం దాచలె, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "పరిశుద్ధమైన పాత్ర, ఎవరిని అడిగి తీసిన్రమ్మా?" అని యెషయా సార్. "ప్రభువునే అడిగానండి. వద్దనలేదు." "గ్లాసు తెచ్చిచ్చి, సంఘం ముందల తప్పు ఒప్పుకోండ్రి, ఇగ దీన్ని ఇడిసిపెడ్తం." "సరిగ్గా కడగలేదు, అది తప్పే, ఎంతమంది ముందైనా ఒప్పుకుంటాను. గ్లాసు మాత్రం ఇప్పుడివ్వలేనండి. పిల్ల ఇంకోదాంతో తాగడం నేర్చుకోనివ్వండి, నేనే తెస్తాను." ఆ ఒక్క మాట మీద పట్టుకూసుంది. వాళ్లు బల్లకు దూరం పెట్టిన్రు. గ్లాసుల పని తీసి యెషయా సార్ భార్య మేబెలమ్మకు ఇచ్చిన్రు.

మేము చెప్పినం, పిన్నిగారూ ఇచ్చేయండి, మా తక్లీఫ్ మేం పడ్తం అని. "నువ్వూరుకో బాబూ" అన్నది. మనిషి మాత్రం కుంగిపోయింది. బల్ల ఆదివారం చివరి బెంచీల కూసుంటుండె. ట్రే వస్తే తను తీసుకోకుండ పక్కామెకు అందిస్తుండె. యెషయా సార్ చెడ్డోడని చెప్తలేను, రూల్ అంటే రూల్ ఆయనకు, సొంత కొడుకును సుత పరీక్షల ఫెయిల్ చేసిండంటరు. ఆమె ఇంట్ల ఏం చేస్తుండెనంటే, పిల్ల పిడికిట్ల ఖాళీ గ్లాసు ఉండనిస్తుండె, గుంజుకోకపోతుండె. ఇంకో దిక్కు నుంచి స్టీలు గ్లాసుతోని మూతికి కొన్ని పాలు తగిలిస్తుండె. మొదట్ల తుడుసుకుంటుండె పిల్ల, తర్వాత చప్పరిచ్చుడు, తర్వాత ఒక గుక్క. గిట్ల నువ్వు సుత చేసి చూడరాదు, ఆ బాటిల్ ఖాళీది వాని చేతులకిచ్చి? సరే నీ ఇష్టం, డాక్టర్‌ను అడుగు. ఎండాకాలం పోయి వానలు పడ్డయ్. ఒకనాడు ఆ బుడ్డ గ్లాసు మంచం కిందికి దొర్లిపోతే పిల్ల వెతుకనే లేదు. స్టీలు గ్లాసు రెండు చేతుల పట్టుకొని తాగింది. సీతారత్నమ్మ గ్లాసును బూడిదతోని తోమి, ఉడకబెట్టి, తెల్లబట్టల చుట్టి తీసుకపోయి పాస్టర్ అయ్యగారి చేతుల పెట్టింది. "వచ్చే ఆదివారం బల్లకు రా అమ్మా" అన్నడాయన.

వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకొని, ముందు బెంచీల. ఎలీనా పాటలోళ్లతోని నిలవడ్డది, నేను మగోళ్ల దిక్కున్న, పిల్లేమో ఆమె ఒళ్లె. యెషయా సారే ట్రే పట్టుకొచ్చిండు. గ్లాసు తీసుకుంది, కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకుంటున్నది. చానా రోజులకు కదా, జెర లంబాగనే చేసింది. మీ అమ్మ చూసింది. తన గ్లాసు! రెండు చేతుల గుంజుకొని, తల ఎనుకకేసి మొత్తం తాగేసింది. మూతంతా ఎర్రగ. యెషయా సార్ ట్రే పట్టుకొని గట్లనే నిలవడ్డడు. ట్రేల ఇంకా గ్లాసులున్నయ్, జెర వంచి ఇంకోటి ఇస్తే అయిపోతుండె. కానీ మనిషికొక గ్లాసు, రెండోది ఎవరికీ ఇయ్యరు, ఆయన అదే ఆలోచిస్తున్నడేమో. ఆమె ఆయన మొఖం చూసింది. పిల్ల చేతుల నుంచి ఖాళీ గ్లాసు తీసుకొని, తన నోటి మీద బోర్లిచ్చుకొని, చానాసేపు అట్లనే పట్టుకుంది. ఆమేన్ అని గ్లాసు తిరిగిచ్చింది. ఆయన పక్క బెంచీకి పోయిండు.

ఆ నెల దాటలె. ఒకనాడు పొద్దుగాల తలుపు తీయలె. గుండె ఆగిపోయిందన్నరు. ఆమె శవపెట్టెను ముందు దిక్కు మోసింది యెషయా సారే. ఆ తర్వాత ఆయన బతికినన్ని రోజులు, నేను ఏడ కనబడితే ఆడ, చెయ్యి పట్టుకొని ఒకటే అడుగుతుండె. "ఐజాక్, ఆ గ్లాసుల ఒక చుక్కన్న ఉండె కదా? ఆమె నోట్ల పడ్డది కదా?" ఉండె సార్, నేను చూసిన సార్, అంటుంటి. ఏడ ఉండె. మీ అమ్మ చుక్క మిగిలిచ్చే రకమా?

పొయ్యి మీద ఏమన్న పెట్టినవా అక్సా? మాడు వాసనొస్తున్నది, పోయి చూడు.