మొండితోక పడవ

నా పడవ ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నేను చెప్పను. దానిని గురించి నా భార్య సావిత్రమ్మ అన్న మాటను కూడా ఇక్కడ చర్చించను. అవి ఇంటి విషయాలు. మిగిలినదంతా, మొన్నటి వానాకాలం ఒక సాయంత్రం ధరూరు బస్సు స్టేజీ దగ్గర మెహబూబీ హోటలులో నలుగురి ముందు చెప్పినది చెప్పినట్లు వ్రాస్తున్నాను. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి విరమించినవాడిని. అతిశయోక్తి అలంకారాన్ని ఏటేటా బోధించాను గాని, స్వయంగా ఎన్నడూ వాడలేదు.

సందర్భం ఇది. నా పూర్వ విద్యార్థి ఫయాజ్ చేపల వ్యాపారి. జూరాల ఆనకట్ట వెనుక నీళ్లలో ఒకనాడు, రామన్‌పాడులో ఒకనాడు చేపలు పట్టించి కొత్తకోట ధాబాలకు వేస్తాడు. పోయిన ప్రతిచోటా పరాయి పడవ కోసం బతిమాలుకోలేక, తన కారు నెత్తిన మోసుకుపోగలిగే చిన్న మోటారు పడవను కొనదలచాడు. కొత్తకోటలో ఒక దుకాణంలో రెండింటిని చూసి వచ్చాడు. ఒకటి రెండు కొనలూ సన్నగా, వడ్లగింజ ఆకారంలో ఉన్నదట. రెండవదాని వెనుక భాగం అడ్డంగా నరికినట్లు మొండిగా ఉన్నదట.

"పొద్దుగూకే లోపల దుకాణమాయనకు ఏదో ఒకటి చెప్పాలె సార్. ఉన్న రెండు బర్రెలు అమ్మిన. తప్పు పడవ కొంటే మళ్ల కొనే తాకత్ లేదు. మీరేది చెప్తే గదే కొంట" అన్నాడు ఫయాజ్.

అంతటి నమ్మకంతో అడిగినవానికి సమాధానం చెప్పకుండా ఉండటం ఉపాధ్యాయ ధర్మం కాదు. కనుక చెప్పాను.

"పడవను ఎంచడం ఎద్దును ఎంచడం వంటిదే, ఫయాజ్. నా పడవను కొత్తకోట రహదారి పక్కన ఒక దుకాణంలో ఒక్క పూటలో ఎంచుకున్నాను. మొదట చుట్టూ తిరిగి సుడులు చూశాను. తరువాత మూపు మీద అరచేత్తో చరిచాను. మంచి పడవ బెదరదు. అంతలో దుకాణదారు ఒక మొండితోక పడవను నా ముందుకు నెట్టాడు. తోక తెగిన ఎద్దును మన ప్రాంతంలో ఎవరైనా కొట్టంలో కట్టేసుకుంటారా? తోక లేని ఎద్దు ఈగలను తోలుకోలేదు, తోక లేని పడవ అలలను తోలుకోలేదు. అది నా కంటికి కనబడకుండా తీసివేయమని, రెండు కొనలూ సన్నగా ఉన్నదానిని ఎంచాను."

"మరి బేరం ఎట్ల చేసిన్రు సార్?" అని ఆటో నడిపే ఖాజా బల్ల ముందుకు జరుపుకున్నాడు.

"పశువుల సంతలో చేసినట్లే, తువ్వాల కింద. అతని చేతి మీద నా తువ్వాల కప్పి వేళ్లు పట్టుకున్నాను. అతడు బెంగళూరు నుంచి వచ్చినవాడు, ఆ వేళ్ల భాష ఎరుగడు. చూపుడు వేలు నొక్కగానే చెమట పట్టింది. మధ్య వేలు పట్టగానే కళ్ల నీళ్లు తిరిగాయి. ఉంగరపు వేలి దాకా పోకముందే పడవ, మోటారు, మోకులు, తాను కూర్చున్న కుర్చీతో సహా ఇచ్చివేసి, చేయి మాత్రం వదిలిపెట్టమన్నాడు."

"కుర్చీ సుత ఇచ్చిండా! గా కుర్చీ నాకిస్తే గిరాకీకి ఏస్తుంటి గద సార్" అన్నది మెహబూబీ, టీ వడకడుతూ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"ఆ తరువాత ఏమైందో తెలుసునా? పడవను కారు పైకప్పు మీద బోర్లించి, గడ్డిబండికి కట్టినట్లు నిలువుగా, అడ్డంగా మోకులతో బిగించాను. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది ఫయాజ్, గమనించు. కారు మీదికి పడవ తేలికగా ఉండాలి గాని మరీ తేలికగా ఉండరాదు. నాది మరీ తేలిక. రహదారి మీద వేగం అందుకోగానే దాని కింద గాలి దూరింది. చక్రాలు రోడ్డును కేవలం మర్యాద కోసం తాకుతూ వచ్చాయి. కాసేపటికి ఆ మర్యాద కూడా మానుకున్నాయి. ముందు పోతున్న లారీని దాని పత్తి బోరాల మీదుగా దాటాను."

"లారీ మీదికెల్లి పోయిన్రా సార్?"

"హారను కొట్టే పోయాను ఖాజా. నియమం నియమమే."

"అరె, పోలీసోళ్లు ఆపలేదా?"

"చేయి ఎత్తారు. అంత ఎత్తుకు అందలేదు. శ్రీరంగాపురం వచ్చేసరికి రంగనాయకస్వామి గోపురం సరిగ్గా నా కిటికీ పక్కకు వచ్చింది. వేగం తగ్గించి, చెప్పులు విడిచి, నమస్కరించి, మళ్లీ గేరు మార్చాను. గోపురం మీది పావురాలు కొన్ని అలసి బానెట్ మీద కూర్చున్నాయి. వాటిని గద్వాలలో దించాను."

"చార్జీ తీసుకున్నరా? నేనైతే ఇడువ" అన్నాడు ఖాజా.

"పక్షుల దగ్గర చార్జీ తీసుకునే సంస్కారం నాకు లేదు. విను. జూరాల మీదికి వచ్చేసరికి గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి. కృష్ణ నురుగులు కక్కుతున్నది. సరిగ్గా అక్కడే గాలి ఆగిపోయింది, కారు నదిలో పడింది. మరొకడైతే పరేషాన్ అయ్యేవాడు. నీళ్లు తగలగానే పడవ తన ధర్మాన్ని గుర్తు చేసుకుని కిందికి వచ్చింది, కారు పైకి పోయింది. అంతవరకు కారు పడవను మోసింది, ఇక పడవ కారును మోసింది. నేను తలకిందులుగా కూర్చునే స్టీరింగు పట్టాను. కళ్లద్దాలు జారలేదు."

మెహబూబీ గిన్నె కింద పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

"నది నడుమ ఒక గడ్డ మీద బాలయ్య అనే గొర్రెల కాపరి మందతో సహా చిక్కుకుని కేకలు వేస్తున్నాడు. మందను ఎక్కించాను. వెనుక సీటు నిండింది, డిక్కీ నిండింది. ముసలి పొట్టేలును గౌరవంగా ముందు సీటులో కూర్చోబెట్టాను. అప్పుడు బాలయ్య, గడ్డ మీద తన వేరుశనగ పంట కూడా ఉన్నదని ఏడ్చాడు. పంటను పీకడం ఎందుకని, మోకు వేసి గడ్డనే లాగుకుని వచ్చాను. ఇప్పుడు మన ఒడ్డున ఏటి పక్కన ఉన్న వేరుశనగ చేను అదే."

"గా చేను మా అత్తగారోళ్లది గద సార్! వాళ్ల తాతల నాటిది!" అన్నది మెహబూబీ.

"అంతకుముందు కొలతలు సరిగా తీసి ఉండరు. ఆ లాగుడుకు ఏమైందో తెలుసునా? నదే వెనుకకు తిరిగింది. రాయచూరు నుంచి ఒక ఇంజనీరు ఫోను చేసి, 'యాక్రీ సార్, నీరు వాపస్ బంతల్లా!' అని కన్నడంలో, నీళ్లు వాపసు వచ్చాయేమిటని మొరపెట్టుకున్నాడు. 'కొంచెం ఓపిక పట్టండి, గొర్రెలను దించుతున్నాను' అన్నాను."

బల్లలు చరిచి నవ్వారు. ఫయాజ్ ఒక్కడే నవ్వలేదు. అతడు ఫోను చేతిలో పట్టుకుని దుకాణదారు నంబరు వెతుకుతున్నాడు.

"అంటే సార్, కొనలు సన్నంగున్నదే తీస్కోవాలె. అడ్వాన్స్ కొట్టాల్నా?"

"నిస్సందేహంగా" అన్నాను.

మూల బల్ల దగ్గర అంతవరకు మౌనంగా టీ తాగుతున్న జగదీశ్ గ్లాసు కింద పెట్టాడు. నాతోపాటు అదే పాఠశాలలో సైన్సు చెప్పి విరమించినవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇంతే. స్టాఫ్ రూములో నేను ఏదైనా చెప్పి ముగించే వేళకు గొంతు సవరించుకునేవాడు.

"ఫయాజూ, జర ఆగు. శాంతయ్యా, ఒక్క మాట అడుగుత. గడ్డనే గుంజుకొచ్చిన గా మోటారును పడవకు ఏ దిక్కు బిగించినవ్?"

"ఏ దిక్కు అంటే ఏమిటి ప్రశ్న? ముందు దిక్కు. బండికి ఎద్దులను ముందు కడతారా, వెనుక కడతారా?"

పొయ్యి మీద పాలు పొంగినా మెహబూబీ దించలేదు.

"పడవను మోటారు గుంజదు, ఎనకకెల్లి నూకుతది" అన్నాడు జగదీశ్ నిదానంగా. "గా మొండితోక ఎందుకు పెట్టిన్రనుకున్నవ్? మోటారు తగిలించనీకె. నువ్వు కొనుమంటున్నదానికి తగిలించే జాగనే లేదు. పిలగాడు బర్రెలమ్మిండు శాంతయ్యా."

ఖాజా కాసేపు లెక్క వేసుకున్నాడు. తరువాత అతని ముఖం వెలిగింది.

"అయితే నది ఎనకకు మర్లలేదు సార్. మీరే ఎనకకు పోయిన్రు!"

హోటలు పైకప్పు రేకులు లేచిపోతాయేమో అన్నట్లు నవ్వారు. ఇది అతిశయోక్తి కాదు, ఒక రేకు నిజంగానే వదులుగా ఉన్నది. నా పడవ తీరు వేరని నేను స్పష్టంగానే చెప్పాను. ఆ శబ్దంలో ఎవరికీ వినబడలేదు.

ఫయాజ్ నా ముఖం చూడకుండా, గౌరవంగా తల వంచుకుని బయటికి నడిచాడు. రోడ్డు మీద నిలబడి ఫోనులో, "అన్నా, గా మొండితోకది ఎవ్వరికీ ఇయ్యకుండ్రి, గది నాకే" అంటున్నాడు. నాకు వినబడలేదన్నట్లు పత్రిక తెరిచాను. మెహబూబీ అడగకుండానే ఇంకొక టీ తెచ్చి పెట్టింది. చక్కెర ఎక్కువ వేసింది. నాకు చక్కెర పనికిరాదని ఆమెకు తెలుసు. అయినా తాగాను.

కొన్నాళ్లకు ఫయాజ్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఫోను ఉన్నా, పెద్దలకు వ్రాసి పంపడమే మర్యాద అని తలచి ఉంటాడు. 'గౌరవనీయులైన గురువుగారికి' అని మొదలుపెట్టాడు. పడవ కారు మీద కదలకుండా కూర్చుంటున్నదట. నీళ్లలో చక్కగా పోతున్నదట. శుక్రవారం నమాజు తరువాత జూరాల దగ్గర భార్య ముబషిరాను, కూతురు ఇరమ్‌ను ఎక్కిస్తున్నాడట, నేను కూడా తప్పక రావాలట. చివర ఇట్లా వ్రాశాడు: 'మీరు ముందు భాగంలో కూర్చోండి సార్. అక్కడ మోటారు లేదు కనుక జాగా అంతా ఖాళీగానే ఉన్నది.'

ఉత్తరాన్ని ఎర్ర కలం పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క తప్పు దొరకలేదు. దానికి నేను ఇంతవరకు జవాబు వ్రాయలేదు.