ఇత్తో ముడి వేసిన సంచి

మెక్నెస్ యూనివర్సిటీ గేటు ముందు రహాల్ టీ బంకులో జిలాలి నోరు తెరిచాడంటే పుదీనా టీ చల్లారిపోవాల్సిందే. కంప్యూటర్ గది తాళాలు అతని దగ్గరే ఉంటాయి మరి. కొండ మీంచి మూలికలు తెచ్చే హమ్ము ఇవాళ ఆ మాటల కోసమే మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చాడు. ఇంట్లో భార్య ఇత్తో కాళ్లు వాచి మంచం పట్టింది. ఎండాకాలం ముందు సంచిలో కట్టి జిలాలికి ఇచ్చిపోయిన వేరు ఆమెకు పనికొస్తుందో లేదో ఆ గదిలోని మిషను చెప్పాలి.

"నేను చేసిందేముంది, మీట నొక్కాను, అంతే," అని మొదలెట్టాడు జిలాలి. "రోగం తాళం అనుకోండి, మొక్కల సారాలు పన్నెండు వేలు, అన్నీ తాళంచెవులే, మిషను ఒక్కోటీ పెట్టి చూస్తుంది, మార్కు సున్నాకి ఎంత కిందికి దిగితే అంత గట్టిగా పట్టినట్టు. మైనస్ తొమ్మిదొస్తే ప్రొఫెసర్లు పండగ చేసుకుంటారు. మన హమ్ము వేరు నూరి పోశాను. ఎంతొచ్చిందో తెలుసా? మైనస్ నలభై."

"పోయిన వారం ఇరవై అన్నావుగా," అన్నాడు రహాల్.

"దిగుతూనే ఉందిరా, అదేగా చెప్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది. మిషను ఆగలా. నల్లటి తెర మీద ఆ సారం మెలికలు తిరుగుతూ తాళంలో దూరి, అవతలికొచ్చి, అద్దం దాటి నా చేతి మీద వాలింది. చల్లగా. పదేళ్ల కీళ్లనొప్పి, ఇదిగో, లేదు. అప్పుడు లోపల్నించి ఆడగొంతు. 'కాళ్లు చల్లబడుతున్నాయి, తలుపెయ్యి' అంది."

హమ్ము గ్లాసు కింద పెట్టాడు. పొద్దున తను బయల్దేరుతుంటే ఇత్తో అన్న మాటే అది. అతనెవరికీ చెప్పలేదు.

"వేరంతా నూరావా అన్నా?" అని అడిగాడు.

"పిసరు మిగల్చలా. నువ్వెళ్లి ఇంట్లో ఉన్న వేరు మీ ఆవిడకి మరిగించి పట్టు, రేపటికి లేచి నడుస్తుంది."

"కాస్త లే అన్నా."

జిలాలి లేచాడు. అతను మెత్తగా ఉంటుందని స్టూలు మీద వేసుకు కూర్చున్న సంచిని హమ్ము తీసి చూశాడు. ఎర్ర ఊలు దారంతో మూడు ముళ్లు.

"ఇవి ఇత్తో వేసిన ముళ్లు. ఒక్కటీ విప్పలేదు. ఈ వేరుని మా మేకలు కూడా ముట్టవు, విషమేమో తెలీదు. మిషను సరేనంటే తాగుతానని నీళ్లు కాచుకుని కూర్చుందది."

జిలాలి మొహం పాలిపోయింది. "మరిగించొద్దు," అన్నాడు. "ఆ గదిలో లైట్లు వెయ్యడం తప్ప నాకేం తెలీదు. మిషనులో వేళ్లు పొయ్యరు, సారాల బొమ్మలు ఎక్కిస్తారు. అన్నీ కోతలే."

"ఆ గొంతు?"

జిలాలి తన చేతిని రుద్దుకున్నాడు.

"అది నిజంగానే విన్నా. ఇవాళ పొద్దున."

హమ్ము టీ అక్కడే వదిలేసి బస్సు కోసం పరిగెత్తాడు.