లీజులో లేని పేరు

థాయ్‌లాండ్‌లో ప్రాన్‌బురి ఊరి చివర, వనిదా ఇంటి వెనక వసారా. ఉదయం తొమ్మిది గంటలు. వనిదా అనాసకాయలు చెక్కుతోంది. కేసిని చెప్పులు విడవకుండా మెట్టు మీదే నిలబడింది.

"మాట మార్చకక్కా. పొద్దున్నే ఏడింటికి మా ఆయనకి ఇక్కడేం పని అని అడుగుతున్నా."

"చెప్పులు విప్పి కూర్చోవే ముందు. చెప్పులతో నిలబడి అడిగేవాళ్ళకి ఈ ఇంట్లో జవాబు దొరకదు."

"కూర్చోడానికి రాలేదు."

"అనాస ముక్క తిను. ఉప్పూకారం అద్దిస్తాను."

"ముక్కలొద్దు. ఏడింటికి ఏం పని?"

"నేల కొలుచుకుంటున్నాడు. టేపు పట్టుకుని ఇటునించి అటు, అటునించి ఇటు. నార్వేలో నలభై ఏళ్ళు ఓడలు బాగుచేసిన చెయ్యి కదా, ఊరుకోదు."

"మొన్నా కొలిచాడు. నిన్నా కొలిచాడు. నేలేమన్నా రోజూ పెరుగుతోందా?"

"నేల పెరగదు. కాఫీ చల్లారుతుంది. తాగి పోతాడు."

"నా కాఫీ వద్దంటున్నాడు. కడుపులో మంటట."

"నేను పాలు ఎక్కువ పోస్తాను."

"అవునులే. నీ మోటారు కూడా బాగుచేశాడటగా?"

"చేశాడు. ఒక్క పూటలో."

"మా వంటింట్లో కుళాయి మూడు నెలలనించి కారుతోంది. కింద బకెట్టు పెట్టుకుని బతుకుతున్నాను."

"బాగుచెయ్యమని అడిగావా?"

"కట్టుకున్నవాణ్ణి కుళాయి బాగుచెయ్యమని అడగాలా? ఆ చప్పుడు వినబడదూ?"

"నేనైతే అడిగాను. అడిగితే హాల్వర్ కాదనడు."

"హాల్వరా? మొన్నటిదాకా 'మీ ఆయన' అనేదానివి."

"ఆయన పేరు అదేగా? పిలవడానికి పేరు కాక ఇంకేముంటుందే?"

"ఏమో. నువ్వు పిలిచిన తీరు అలా ఉంది."

"పొద్దున్నే పోట్లాటకి వచ్చావా, కేసినీ? రేపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాలి. తొమ్మిదింటికల్లా అక్కడుండాలి. జాకెట్టు ఇస్త్రీ చేసుకో పో."

"దాని గురించే వచ్చాను. రేపు సంతకం పెట్టకు."

"ఏమిటీ?"

"ఆ లీజు ఇవ్వకు. నీకు దణ్ణం పెడతా. నేల ఇవ్వనని చెప్పు, మనసు మారిందని చెప్పు. నీకు కొనేవాళ్ళు దొరక్కపోరు."

"నువ్వేనా ఈ మాట అనేది? ఆ పక్క వాటాలో ఇల్లు కట్టుకుంటాం, కొండ కనబడుతుంది, సముద్రం గాలి తగులుతుందని ఊరంతా చెప్పుకుని తిరిగిందెవరు?"

"చెప్పుకున్నాను. ఎవరి పేర రాస్తారో అప్పటికి తెలీదు కదా."

"లీజు ఆయన పేరే కదా రాస్తారు? డబ్బిచ్చేది ఆయన."

"అదే. ఒక్క ఆయన పేరు. చూడక్కా, ఈ దేశంలో తెల్లవాడు నేల కొనలేడు. అది బళ్ళో పిల్లలకీ తెలుసు. కానీ వాడి పెళ్ళాం కొనచ్చు కదా! రొయ్యల చెరువు దగ్గరుండే లమాయ్ మొగుడూ తెల్లవాడే, ఏం చేశాడు? 'ఈ డబ్బు నా భార్యదే, నాకే సంబంధమూ లేదు' అని ఆఫీసులో సంతకం పెట్టి ఆమె పేర రాయించాడు. లమాయ్ ఇవాళ గేటుకి తన పేరు వేయించుకుంది, బంగారు రంగులో. నా మొగుడు మాత్రం నీ దగ్గర ముప్పై ఏళ్ళకి లీజు తీసుకుంటాడు. అరవై ఏడేళ్ళ మనిషి! లీజయ్యేసరికి తొంభై ఏడు."

"బతకనీవే. గట్టి మనిషి."

"గుండెలో రెండు స్టెంట్లున్నాయి. నీకు చెప్పలేదేం? కాఫీలో పాలెన్ని పొయ్యాలో చెప్పినవాడు అది చెప్పలేదా?"

"చెప్పాడు."

"చెప్పాడన్నమాట."

"ఏదో మాటల్లో..."

"సరే. మరి ఆయన పోయిన మర్నాడు నేనెక్కడుండాలి? లీజు ఎవరి పేర ఉంటే వాళ్ళతోనే పోతుంది. లాయరు దగ్గర గుమస్తా చెప్పాడు. కట్టిన గోడలు నావే అనుకో, నేల నీది. గోడలు చంకన పెట్టుకుపోతానా?"

"నిన్ను నేను వెళ్ళగొడతానా?"

"వెళ్ళగొట్టవు. 'ఉండవే పాపం' అంటావు. ఆ పాపం అన్న మాట మీద బతకాలి నేను."

"నీకు నోరెక్కువైంది."

"నాకు యాభై రెండొచ్చాయి. నోరు తప్ప నాకేముంది చెప్పు? పదకొండేళ్ళు కాపురం చేశాను. ఆపరేషనప్పుడు పందొమ్మిది రోజులు ఆస్పత్రిలో కింద చాప వేసుకుని పడుకున్నాను. ఇప్పుడా మనిషి ఒక ఆడదాన్ని ముప్పై ఏళ్ళు నమ్ముతానని ప్రభుత్వం ముందు రాసిస్తున్నాడు. ఆ ఆడది నేను కాదు."

"నమ్మకం సంగతి ఎత్తకు, కేసినీ. ఒకసారి నీ పేర మామిడితోట కొన్నాడుగా? పెచ్చబూన్‌లో."

"అంటావని తెలుసు."

"అన్నది నిజమే కదా."

"నిజమే. తమ్ముడు కాళ్ళ మీద పడి ఏడిస్తే కాగితాలు చేతికిచ్చాను. తాకట్టు పెట్టి పోగొట్టాడు. నా తప్పే. కానీ మా ఆయన ఒక్క మాట అన్లేదు, తెలుసా? ఒక్క మాట. 'పోనీలే, మామిడి చెట్లు నాకెలాగూ పడవు' అన్నాడు. అప్పుడు తిట్టుంటే బాగుండేది. అప్పుడు దాచుకున్న తిట్టు ఇప్పుడిలా తీర్చుకుంటున్నాడు."

"హాల్వర్ అలాంటివాడు కాదు."

"ఎలాంటివాడో నువ్వు చెప్పాలా నాకు?"

"నీకంటే ముందు నుంచీ తెలుసు నాకు."

"అదిగో! ఆ ముక్క నీ నోటినుంచి రావాలనే చూస్తున్నా."

"ఏం, అబద్ధమా? నా నూడిల్స్ కొట్టుకే కదా మొదట వచ్చాడు. నలభై రోజులు నేనే కాఫీ పోశాను. మాటా మంతీ లేవు, నాకు ఇంగ్లీషు రాదు. నవ్వేవాడు, నవ్వేదాన్ని. గుడ్డు గట్టిగా వెయ్యాలా, మెత్తగా వెయ్యాలా అని కూడా అడగలేకపోయాను. కొత్తగా పనికొచ్చినదానివి, రెండు ముక్కలు ఇంగ్లీషు వచ్చని నిన్ను పంపాను, అడిగి రావే అని."

"గుడ్డు అడగడానికి వెళ్ళి మొగుణ్ణి తెచ్చుకుంది. పెళ్ళిలో ఈ మాటే చెప్పి అందర్నీ నవ్వించావు."

"నవ్వే మాటే కదా."

"అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. నేను చూశాను. చెయ్యి చూసుకో అక్కా, కత్తి జారుతోంది."

"నా చెయ్యి నేను చూసుకుంటాను. ఇంకేమైనా ఉందా నీ మూటలో?"

"ఉంది. గురువారం నాడు మీరిద్దరూ నేలదేవుడికి అగరొత్తులు వెలిగించారట."

"ఎవరు చెప్పారు?"

"దండలమ్మే పిల్ల. ఎర్ర సోడా, ఉడికించిన కోడి, పసుపుపచ్చ బంతిదండ, అన్నీ నువ్వే తెచ్చావట. మా ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడట. మోకాళ్ళు నొప్పులు, గుడికి రాలేనని నాతో అంటాడు!"

"నేల నాది. దేవుడికి నేనే చెప్పుకోవాలి. ఫలానావాళ్ళు వచ్చి ఉంటారు, కోపగించకు, నిద్ర చెడగొట్టకు అని. చెప్పకుండా ఇల్లు కడితే ఎవరైనా ఒప్పుకుంటారా?"

"ఎవరి పేర్లు చెప్పావు?"

"చెప్పాను. చెప్పాల్సినవి చెప్పాను."

"ఆ ఇంట్లో పడుకోబోయే ప్రతి ప్రాణి పేరూ చెప్పాలి. మా అమ్మ అయితే కడుపులో ఉన్న బిడ్డ సంగతీ చెప్పేది. ఎవరి పేర్లు చెప్పావక్కా?"

"హాల్వర్ పేరు."

"ఇంకా?"

"ఇంకా ఏముంది..."

"కుక్క పేరు చెప్పావట."

"దాన్ని వెంట తీసుకొచ్చాడు కదా, అక్కడే పడుకునుంది, అందుకని..."

"కుక్క పేరు చెప్పావు. నా పేరు చెప్పలేదు."

"అప్పుడు దోమలు కుడుతున్నాయి. తొందరలో మర్చిపోయాను."

"కుక్క గుర్తొచ్చింది గానీ నేను గుర్తురాలేదు. కాగితంలో లేదంటే మనుషుల వ్యవహారం అనుకోవచ్చు. దేవుడికీ చెప్పలేదంటే నేనా ఇంట్లో ఉండనని మీరిద్దరూ ముందే అనుకున్నారన్నమాట."

"మేమిద్దరం ఏమీ అనుకోలేదు!"

"అరవకు. వీధిలో వింటారు."

"నువ్వే అరిపిస్తున్నావు. పో, మీ ఆయన్నే అడుగు. నన్నెందుకు కాల్చుకు తింటావు?"

"అడిగాను. రాత్రీ అడిగాను, తెల్లవారీ అడిగాను. నా పేరు ఎందుకు లేదని. తల దించుకున్నాడు. 'ఇంకేదైనా అడుగు కేసినీ, ఇది మాత్రం అడక్కు' అన్నాడు. పదకొండేళ్ళలో నాతో ఆ మాట ఎప్పుడూ అన్లేదు. మొగుడు పెళ్ళానికి చెప్పుకోలేనిది ఒక్కటే ఉంటుందక్కా లోకంలో."

"నువ్వనుకునేది కాదు."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు. నా మీద అతనికి ఏమీ లేదు. కాఫీ తాగినంతసేపూ నీ మాటే. కేసినికి వంటిల్లు తూర్పున ఉండాలి, కేసినికి గట్టు ఎత్తుండాలి, నడుం నొప్పి. వినలేక చస్తున్నాను."

"సరే. ఆయనకేమీ లేదు. మరి నీకు? వద్దులే. చెప్పకు. నిన్నడిగి ఏం లాభం? నేను వెళ్ళిపోతున్నాను."

"ఇంటికే కదా?"

"రాచ్చబురికి. నా కూతురి దగ్గరికి. పదిన్నర బస్సుంది, సంచి గేటు దగ్గరే పెట్టాను."

"పిచ్చిదానా! రేపు ఆఫీసులో నువ్వుండాలి కదా. ఆయనకి థాయ్ చదవడం రాదు. నువ్వు చదివి చెప్తేనే ఆఫీసరు ఒప్పుకుంటాడు."

"అదే చెయ్యలేను. నా పేరు లేని ఇంటి కాగితం నేనే గట్టిగా చదివి, నా మొగుడికి అర్థం చెప్పి, 'ఇక్కడ సంతకం పెట్టండి' అని వేలుపెట్టి చూపించాలి. నీకూ ఆయనకీ మధ్య నిలబడి. ఎవరినైనా డబ్బిచ్చి తెచ్చుకోండి."

"ఆయనకి తెలుసా నువ్వు వెళ్తున్నట్టు?"

"తెలీదు. నీ చేలో టేపు పట్టుకుని కొలుచుకుంటున్నాడు కదా. అయ్యాక చెప్పు."

"నేనా?"

"నువ్వే. రాత్రి మందులు నీలం డబ్బాలో ఉన్నాయి. పొద్దుటివి తెల్ల డబ్బాలో. రెండూ కలిపేస్తాడు, చూస్తూండాలి. చేపల పచ్చడి అడుగుతాడు, పెట్టకు, ఉప్పు పనికిరాదు. వాన మొదలైతే మోకాలికి గుడ్డ కట్టాలి."

"ఇవన్నీ నాకెందుకు చెప్తావే?"

"ఇంకెవరికి చెప్పను? ముప్పై ఏళ్ళు ఇక నీ నేల మీద ఉంటాడు. నాకు కోపం లేదక్కా. కోపం ఉంటే నీ అనాసకాయలన్నీ వీధిలోకి విసిరేసేదాన్ని. నాకు పనిచ్చావు, కూడు పెట్టావు, నా పెళ్ళికి నీ జరీ పావడా ఇచ్చావు. నిన్నెలా తిట్టను? వస్తాను."

"కేసినీ, ఆగు."

"బస్సు పోతుంది."

"పోనీ. ఆగు. ఆయన మొదట రాయించుకొచ్చిన కాగితం వేరే ఉంది."

"ఏ కాగితం?"

"నెల కిందట తెచ్చాడు. అందులో రెండు పేర్లున్నాయి. నీది ముందు, ఆయనది తర్వాత. ఆయన పోయినా నీ గడువు నీకుండేట్టు లాయరు చేత విడిగా రాయించాడు."

"నాకు చూపించలేదే!"

"నేను ఒప్పుకోలేదు. ఆ పేరుంటే సంతకం పెట్టనన్నాను. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ కాదన్నాను. రోజూ ఏడింటికి వచ్చేది అందుకే. నేల కొలవడానికి కాదు, నన్ను బతిమాలడానికి."

"ఎందుకు? నేనేం చేశాను నీకు?"

"నీ తమ్ముడు వచ్చి నా గడప తొక్కుతాడని భయమన్నాను. ఆ మాట నీతో ఎలా చెప్తాడు? నీ పాత గాయం రేపడం ఇష్టంలేక నీ చేత తిట్లు తింటూ కూర్చున్నాడు."

"నా తమ్ముడు ఈ ఊరి మొహమైనా చూడలేదక్కా. వాడికా నువ్వు భయపడింది?"

"వాడికి కాదు. ఆయన పోయిన మర్నాడు, ఇన్నేళ్ళూ ఆయనతో కాపురం చేసిన నువ్వు, ఆ ఇంటి తాళం తెచ్చి నా చేతిలో పెడుతుంటే చూడాలనుకున్నాను."