చెంగమ్మకు చెప్పకూడదట

సభాధ్యక్షులు, మా పరిశోధనా కేంద్రం డైరెక్టర్ గుణశేఖర్ గారికి, వేదిక మీది పెద్దలకు, తిరుపతి ఎండలో నా పదవీ విరమణకు శాలువా కప్పుతుంటే చూసి ఆనందించడానికి వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఇందాక పద్మనాభ్ గారు ‘కల్యాణవల్లి గారు సహనమూర్తి’ అన్నారు. ఒప్పందాల విభాగం ఆయనదే కనుక, నా సహనం లోతు ఆయనకే బాగా తెలుసు. (నవ్వులు)

పుత్తూరు చుట్టుపక్కల, కాస్త తగిలితేనే ఎముకలు విరిగే పిల్లల రక్తం తెచ్చి, విదేశీ కంపెనీకి పంపాలనుకున్నాం. నమూనాలు ఎవరివి, ఎవరు వాడుకోవచ్చు, ఎవరి పేరు బయటపెట్టకూడదు అని ముందే రాసుకోవడం మంచిదే, కాదనను. కానీ ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పుట్టని మందు మీద హక్కుల కోసం పద్మనాభ్ గారు కామాలు దిద్దుతూ కూర్చుంటే, ఆయన బల్ల కింద రక్తం సీసాల పెట్టెలో మంచు కరిగిపోయింది. ఒప్పందం భద్రం, రక్తం పాడు.

మళ్లీ సూది పట్టుకుని వెళితే, మనవరాలు లోహితను ఒళ్లో పెట్టుకుని చెంగమ్మ అడిగింది: “పోయినసారి తీసకపోయిన నెత్తురు ఏం చేసినారమ్మా, తాగినారా?” (నవ్వులు) నవ్వకండి. అది గోప్యమని చెప్పమన్నారు నన్ను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండోసారి ఫలితం వచ్చింది. ఇప్పుడు దొరికే మందుల్లో ఆ బిడ్డకు ఏది పనిచేస్తుందో అందులో ఉంది. కంపెనీకి తెలుసు, పద్మనాభ్ గారికి తెలుసు, జిరాక్సు తీసిన మునికుమార్‌కూ తెలుసు. చెంగమ్మకు మాత్రం చెప్పకూడదట, కంపెనీ రహస్యమట! ఈలోగా ఆ పిల్ల తొడ ఎముక మళ్లీ విరిగింది. డైరెక్టర్ గారిని అడిగితే “రూల్సు ఉండాయి కదమ్మా, నేనేం జేసేది?” అన్నారు. పాపం, ఏం చేస్తారు? కుర్చీ బరువైనది.

ఈ రోజు పళ్లెంలో శాలువాతో పాటు, నాలుగు మూలలా పసుపు పూసి మరీ ఒక కాగితం పెట్టారు. ఇక్కడ తెలుసుకున్నదేదీ బయట చెప్పనని నేను సంతకం చేయాలట. శాలువా తీసుకున్నాను, సంతకం చేయలేదు. నా నోరు మూయడానికి పాత సంతకాలే చాలంటారా, అయితే నోటీసు మా ఇంటికి పంపండి గుణశేఖర్ గారూ, అడ్రసు మీకు తెలుసు.

చెంగమ్మా, వెనక వరసలో ఉండావు కదా? అన్నం తినేసి ఉండు. బిడ్డ జబ్బు నలుగురిలో చెప్పుకునేది కాదు. మా ఇంటికి పోదాం, అంతా చెప్తాను.

ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. నాకు పనుంది, సెలవు.