సుగుణమ్మ పెట్టిన బొట్టు

"అవ్వా, మన బస్తీల పిల్లల సెంటర్ ఎట్ల మొదలైంది? జర మొదటికెళ్లి చెప్పవా, ఫోన్ల రికార్డు చేసుకుంట."

చేసుకో బిడ్డా, చేసుకో. నీకు బాలానగర్ దిక్కు బస్తీలల్ల గిట్లాంటి కొలువే దొరికిందంట గదా, మీ అమ్మ చెప్పింది. మంచిగైంది. అయితే ఇను. గా ఫోను జర దగ్గర పెట్టు, రెండ్రోజుల సంది గొంతు పట్టుకున్నది.

మొదలంటే సుగుణమ్మనే మొదలు. నువ్వప్పుడు హాస్టల్ల ఉంటివి, నీకు ఎరుక లేదు. ఆమెది ఒంగోలు దిక్కు, కిరస్తానామె. దవాఖానల నర్సు పని చేసి రిటైరై, హఫీజ్‌పేట్ స్టేషన్ ఎన్క కూతురింట్ల ఉంటుండె. ఊకె కూసోబుద్ధిగాక ఒక సంస్థల చేరింది. గా సంస్థోళ్లు మన బస్తీని బాగు చేస్తమని వచ్చిండ్రు. అప్పటి మన బస్తీ అంటే ఏమున్నది? పాలమూరు దిక్కుకెళ్లి వచ్చి గీ అద్దాల బిల్డింగులకు ఇటుకలు మోసినం. బిల్డింగులు లేసినంక మా పని పాయె. మీ తాత, అంటే నీ సొంత తాత గాదు, నా పెనిమిటి, గా పనిలనే పానం ఖరాబు జేసుకొని పోయిండు. అప్పట్ల రేకుల రూము కిరాయి ఎంతనుకున్నవ్? గిప్పుడు గా పైసలకు ఒక పూట బిర్యాని రాదు. సరే, ఆ ముచ్చట తియ్.

ఆఁ, ఏడున్న? సుగుణమ్మ. ఆటోకు మైకు కట్టి చాటిచ్చింది. గోడలకు కాయిదాలు అతికిచ్చింది. ఆదివారం కమ్యూనిటీ హాలుకు రండ్రి, మీకేం గావాల్నో మీరే చెప్పుండ్రి అని. సమోసలు గూడ తెప్పిచ్చింది. ఒక్కలు రాలే. మళ్ల ఆదివారం గూడ అంతే, సమోసలు కుక్కల పాలైనయ్. నవ్వకు, ఆమె మొఖం చూసుంటె నీకు నవ్వొచ్చేది గాదు. ఆఫీసోళ్లేమో ఇంకొక్కసారి చూస్తం, రాకుంటె వేరే బస్తీకి పోతం అన్నరంట.

నీళ్ల నల్ల కాడ నన్ను పట్టుకున్నది. "అంజమ్మ గారూ, ఎవరూ ఎందుకు రావట్లేదండీ?" అని. నన్ను గారు అని పిలిచింది ఈ జన్మల ఆమె ఒక్కతే. నేనన్న, "అమ్మా, మైకుల చెప్తే ఎవలొస్తరు? పురుడైనా పెండ్లైనా మాకాడ ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తరు. ఉత్తగనే పోతే మాకు ఇజ్జత్ ఏముంటది?"

తెల్లారి కుంకుమ భరిణె కొనుక్కొని మా ఇంటికొచ్చింది. జూడు బిడ్డా, నొసట బొట్టు పెట్టుకోని మనిషి! మీ చర్చిల ఏమనరా అని నేనడిగితే, "నా దేవుడికి నేను చెప్పుకుంటానులెండి. మీ మర్యాద ప్రకారం పిలవకపోతే అది పిలుపెలా అవుతుందండీ?" అన్నది.

ఇగ నేను ఇండ్లు చూపిస్తున్న, గీడికి పో, గాడికి పో అని. "మరి ఆ వరసో?" అన్నది. అవి మొగడు పోయినోళ్ల ఇండ్లమ్మా, మాకు బొట్టు పెట్టి పిలువరు అన్న.

ఆమె, "ఈ బస్తీలో అందరికంటే కష్టపడేది ఆ ఇళ్లేగా అంజమ్మ గారూ. వాళ్లని వదిలేసి ఇంకెవరి బాగు కోసమండీ ఈ మీటింగు?" అనుకుంట భరిణె మూత తీసింది. నేను ఎన్కకు జరిగిన. నాకొద్దమ్మా, బొట్టు తీసినదాన్ని అన్న. "మీరే తీశారా, ఎవరైనా తీయించారా?" అన్నది. ఆమె ఏలు నా నొసటికి తాకింది. ఏడ్సిన బిడ్డా. ఆయన పోయిన్నాడు గూడ గంత ఏడ్వలే, అప్పుడు ఏడ్వనీకె తీరితే గదా, పిల్లలు ఆకలంటుండిరి.

ఇగ ఇద్దరం బయల్దేరినం. భరిణె నా చేతిల, పిలుపు ఆమె నోట్ల. మూలింటి సత్తెమ్మ దర్వాజ తీసి, "మంచి పనికి పొద్దుగాలనే నీ మొఖం జూడాల్నా?" అన్నది నన్ను. సుగుణమ్మ లొల్లి పెట్టుకోలే. "ఆదివారం మీరు తప్పకుండా రావాలండి. బొట్టు మాత్రం ఈవిడే పెడతారు, ఇష్టమైతే పెట్టించుకోండి" అన్నది. సత్తెమ్మ ఉత్త పిలుపే తీసుకున్నది. గంత ఓపిక నాకైతే లేదు, భరిణె ఆమె నెత్తిన బోర్లిచ్చేదాన్ని.

ఆదివారం హాలు నిండింది. ముసలోళ్లం, మొగడు లేనోళ్లం, అందరం వచ్చినం. సత్తెమ్మ గూడ వచ్చి మూలకు కూసున్నది. ఆఫీసోళ్లు కుట్టు మిషన్లు ఇస్తమన్నరు. ఒక పిల్ల లేశి, "పొద్దుగాల అపార్టుమెంట్లల్ల పనికి పోతే పొద్దుగూకినంక వస్తం, మిషన్ ఎప్పుడు కుట్టాలె? చంటిపిల్లను తోలుకపోతే మేడం పనికి రావొద్దంటది" అన్నది. ఆడోళ్లందరిది గదే బాధ. అప్పుడు నేను లేశిన. "మేం ఇండ్లల్ల ఊకెనే ఉంటున్నం. మాకు జీతమియ్యుండ్రి, పిల్లల మేం చూస్తం" అన్న. సుగుణమ్మ నన్ను పట్టుకొని ఎంత సంబురపడ్డదో! ఆఫీసోళ్లతోటి కొట్లాడి ఒప్పిచ్చింది. పిల్లలకు చేతులు కడుగుడు, జరం జూసుడు, అన్ని ఆమెనే నేర్పింది. గంత గొప్పది బిడ్డా ఆమె.

మొదలు తెచ్చి నా ఒళ్లె పండవెట్టిన పిల్ల ఎవలదనుకున్నవ్? సత్తెమ్మ మనుమరాలు. సత్తెమ్మ కొంగుతోటి పిల్ల మూతి తుడిచి పోయింది. గిప్పుడు గా పిల్ల పొద్దుగాల నా మొఖం జూస్తేనే ఏడుపు ఆపుతది.

సాలు, ఇగ బంద్ జెయ్యి. ఇటు రా, నెత్తి మీద చెయ్యి పెట్టనియ్యి. పెద్దోళ్లు ఆడపిల్లల నిండు ముత్తైదువుగ ఉండమని దీవిస్తరు. నేను గట్ల దీవియ్య బిడ్డా, గా దీవెన నాకు గూడ ఇచ్చిండ్రు. నువ్వు జంటగున్నా ఒంటిగున్నా, పదిమంది కూసునే కాడ నీకు పీట ఉండాలె. గట్ల బతుకు, సల్లగ బతుకు...