అంటుకోని రూబుల్

మాస్కోలో ఆదివారం పాతసామాన్ల సంత బయట, టీ కొట్టు దగ్గర మంచులో నిలబడి ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

“చూడు బాబాయ్, జార్ చక్రవర్తుల కాలం నాటి వెండి రూబుల్! అమ్మ టీ కాచుకునే సమోవార్ ఇచ్చేసి తీసుకున్నా.”

“అసలైనదేనా?”

“నేనేం వెర్రివాణ్ణా? దొంగ నాణెం ఇనుముతో చేస్తారు, అయస్కాంతానికి ఠక్కున అంటుకుంటుంది. ఇదిగో, అంటుకుందా?”

“లేదు.”

“మరి? ఊరికే చదివానా పుస్తకాలు!”

“చదివావులే. ఆ అయస్కాంతాన్ని ఈ కొట్టు ఇనుప తలుపుకి పెట్టు.”

“జారిపోతోందే! చలికి పట్టు తగ్గిందేమో.”

“చలికి మొద్దుబారింది నీ బుర్ర. ఎక్కడ కొన్నావురా ఆ అయస్కాంతాన్ని?”

“కొనలేదు. రూబుల్ ఇచ్చిన అవ్వే, ‘సంత నిండా దొంగలే నాయనా, దీంతో చూసుకుని తీసుకో’ అంటూ ఊరికే ఇచ్చింది. పైగా నాకు శిలువ గుర్తు వేసి దీవించింది కూడా.”