తెర మూలన నల్ల టేపు

కొలంబియాలోని కార్తహేనాలో ఒక ఆదివారం మధ్యాహ్నం. సాయంత్రం వీధి డాన్సుకని మనిషి కన్నా ఎత్తైన స్పీకరు పెట్టెల్ని బయటికి దించేశారు. పెట్టెలూ, వాటి మీద ఎర్ర పీత బొమ్మా, ముందు కూర్చుని వాయించే మనిషీ, అన్నీ కలిపితే ‘పీకో’. దాని యజమానురాలు ఎనెయిదా, వాయించే యామిత్‌ని పెరట్లోంచి కదలనివ్వడం లేదు. యామిత్‌కి ఆవిడ ‘దోన్యా’, అంటే అమ్మగారు.

“అది కాదు నేనడిగింది. ఆ సాఫ్ట్‌వేరు కొందామంటే ఎందుకొద్దంటున్నావ్?”

“వద్దనలేదు దోన్యా. ఇప్పుడెందుకూ అన్నాను.”

“రెండూ ఒకటే. నెలనెలా అద్దె కట్టి వాయించడమేమిటి? కట్టడం మానిన రోజున మూగబోతుందట. మా ఆయన కొన్న బుల్లి కీబోర్డు చూడు. సగం మీటలు ఊడిపోయాయి, ఇంకా కూస్తుంది. ఎవడూ వచ్చి ఆపలేడు.”

“అది కూసేది ఒకే కూత. ఈ సాఫ్ట్‌వేరులో వెయ్యి గొంతులున్నాయి. కొంటే రెండేళ్ళ అద్దె ఒక్కసారే పొయ్యాలి. రేపు కంప్యూటరు మారిస్తే కొన్నది దాంట్లో ఎక్కకపోవచ్చు కూడా. అద్దెదైతే కొత్తది వాళ్ళే ఇస్తారు.”

“నాకు వెయ్యీ అక్కర్లేదు. ఒక్కటి చాలు, మన కూత. టకటకా మొదలై గిర్రున పైకి లేస్తుందే, అది. అది వినపడితేనే కదా ‘పీత వచ్చింది’ అని జనం కదిలేది.”

“తెలుసు దోన్యా. మీ ఆయనా నేనూ కూర్చుని తయారుచేసిందే కదా.”

“మరి పోయిన ఆదివారం మన పోటీదారు ప్లీనియో పీకోలో ఎలా మోగింది?”

“ఆ పచ్చ కేబులు ఇటివ్వండి.”

“కేబులు తర్వాత. ఎలా మోగింది?”

“దానిలాంటిదేదో అయ్యుంటుంది.”

“నా చెవులకి చెప్తున్నావా? అదే. సాక్షాత్తూ అదే. నువ్వేమో కొనొద్దంటావు. అద్దె కొంపలో ఉన్నవాడు గోడకి మేకు కొట్టడు, ఎందుకంటే పోయేవాడు కనక. నువ్వు ప్లీనియో దగ్గరికి పోతున్నావు.”

“నేనెక్కడికీ పోవడం లేదు.”

“అయితే ఆ టేపు తియ్యి.”

“ఏ టేపు?”

“ఏ టేపట. కంప్యూటరు తెర మూలన అంటించావే, నల్లది.”

“అది మీ ఆయన పెట్టిన పద్ధతే కదా. రికార్డు తేగానే మధ్యలో కాగితం బ్లేడుతో గీకేసేవారు, పాట పేరు పక్క పీకో వాళ్ళకి తెలీకూడదని. ఇదీ అంతే.”

“పక్క పీకో వాళ్ళకి. నాకు కాదు. ఆ గీకిన పొట్టంతా ఊడ్చింది నేను.”

“టైమవుతోంది దోన్యా, ఒకసారి సౌండు చూసి...”

“జరుగు. నేనే తీస్తా.”

“వద్దు. దోన్యా, నా మాట...”

“సాఫ్ట్‌వేరు పేరు. దాని కింద... అద్దెకి తీసుకున్నవారు, ప్లీనియో. ప్లీనియో. ఇదేమిట్రా?”

“కూర్చోండి.”

“కూర్చోను. అమ్మేశావన్నమాట. మా ఆయన చేసినదాన్ని వాడి పేరున రాసేశావు.”

“అమ్మలేదు. మీ ఆయన పోయాక ఆయన బ్యాంకు కార్డు ఆగిపోయింది. రెండు ఆదివారాలు పెట్టెలు పాడయ్యాయని చెప్పాను, గుర్తుందా? పెట్టెలు బాగానే ఉన్నాయి. అద్దె కట్టక కూత మూగబోయింది.”

“నాకు చెప్పొచ్చుగా.”

“అప్పుడు మీరు కొబ్బరన్నం పెట్టిన పళ్ళెం వైపే చూసేవారు కాదు. పీకో అమ్మేస్తానని కూర్చున్నారు. కూత కూడా పోయిందంటే ఆ పూటే అమ్మేసేవారు.”

“అందుకని వాడి గుమ్మం ఎక్కావు.”

“నేనెక్కలేదు. ఆయనే వచ్చాడు. రెండు ఆదివారాలు మీ పీత కూయలేదేమిటని అడిగాడు. చెప్పాను. అప్పట్నుంచీ ఆయనే కడుతున్నాడు. మీకు తెలిసిందంటే మానేస్తానన్నాడు. అద్దె ఆయన పేరున ఉంది కనక మన కూత ఆయన కంప్యూటర్లోనూ మోగుతుంది. పోయిన ఆదివారం వాళ్ళ మేనకోడలు తెలీక నొక్కేసింది. పాపం, మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఎంత నొచ్చుకున్నాడో.”

“వాడికేం లాభం?”

“నేనూ అదే అడిగాను.”

“ఏమన్నాడు?”

“‘ఎదురుగా ఆవిడ పీకో లేకపోతే నేనెవరి మీద గెలవాల్రా’ అన్నాడు.”

“నిన్న చేపల దగ్గర ఎదురుపడ్డాడు. నేను మొహం తిప్పుకున్నాను.”

“చెప్పాడు.”

“ఇంకేం చెప్పాడు?”

“ఇంకేం లేదు. నవ్వాడు.”

“సిగ్గులేని మనిషి.”

“సరే, మీకెలాగూ తెలిసిపోయింది. రేపే కొనేద్దాం దోన్యా, మన పేరున. ఎవరికీ లోకువ కానక్కర్లేదు.”

“కొంటే నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోదూ?”

“తెలిస్తే?”

“ఆ టేపు ఇలా తే.”

“ఏం చేస్తారు?”

“మళ్ళీ అంటిస్తాను. అద్దెదే ఉండనీ. నువ్వు మాత్రం వెళ్ళి పెట్టెలన్నీ ప్లీనియో ఇంటివైపు తిప్పించు. వాడు నెలనెలా దేనికి కడుతున్నాడో వాడి చెవిన పడొద్దూ.”